ధర్మవరం దాకా చెనిక్కాయలు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఇంతవరకు చూడనివాళ్ళకు ముందే చెప్పేస్తున్నాను. నేను ఆ ఊళ్ళు చూడ్డానికి వెళ్ళలేదు. మా ఆవిడను వెనక్కి తెచ్చుకోవడానికి వెళ్ళాను. దారిలో ఊళ్ళు అడ్డం వచ్చాయి కనక చూశాను.

మా ఆవిడ సులోచన పుట్టింది చిలమత్తూరు పక్కన, కాపురం చేస్తున్నది గుంటూరులో, నాతో. మొన్న ఎండాకాలం ఆవిడకు జ్ఞానదంతం పీకారు. వారం రోజులు మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడు. భూమి పుట్టిన దగ్గర్నుంచి ఏ వైద్యుడూ ఇంత ప్రమాదకరమైన సలహా ఇచ్చి ఉండడు. మాట్లాడే పని లేకపోయేసరికి ఆవిడకు వినే తీరిక దొరికింది. నేను మాత్రం మామూలుగానే ఉన్నాను. కాఫీ పల్చగా ఉందన్నాను, పేపరు ఆలస్యమైందన్నాను, ఫ్యాను గొణుగుతోందన్నాను, పక్కింటివాళ్ళ కరివేపాకు చెట్టు మనవైపు చూసే తీరు బాగాలేదన్నాను. వారం గడిచాక ఆవిడ నోరు తెరిచింది. కోపం వస్తే ఆవిడకు గుంటూరు మాట పోయి పుట్టింటి మాట వస్తుంది.

"ఇన్ని దినాలు నోరు మూసుకోని విన్నా. మీ నోట్లోనించి ఒక్కటంటే ఒక్క మంచి మాట రాలేదు. ఆఖరికి నా పన్ను పీకిన డాక్టరు చెప్పులు గూడా బాగలేవంటిరి."

నిజానికి ఆ చెప్పులు బాగాలేవు. ఆ సంగతే మళ్ళీ చెప్పాను. ఆ సాయంత్రమే ఆవిడ ధర్మవరంలో ఉన్న చెల్లెలు పద్మ ఇంటికి రైలెక్కింది.

మొదట్లో స్వరాజ్యం వచ్చినట్టే ఉంది. తర్వాత తెలిసింది, వినే మనిషి లేని ఇంట్లో ఫిర్యాదు ఎంత చప్పగా ఉంటుందో. గోడగడియారంతో చెప్పుకున్నాను. అది మనసు కష్టపెట్టుకుని ఆగిపోయింది. సులోచనకు ఫోన్ చేస్తే తియ్యదు. అప్పుడు మా బావమరిది సుధాకర్ రంగంలోకి దిగాడు. ఇతనిది హిందూపురంలో చింతపండు వ్యాపారం. ఈమధ్యే బెంగళూరులో జీవితం మార్చుకునే క్లాసు ఒకటి విని వచ్చాడు. అక్కడ కృతజ్ఞత నేర్పుతారట. ఆ క్లాసు విన్నవాళ్ళు ఎవరు ఏమన్నా నవ్వుతారు. తిట్టినా నవ్వుతారు. తిట్టేవాడికి అంతకంటే నరకం లేదు.

"అక్క ఒక ఛాన్స్ ఇస్తాదంట బావా" అన్నాడు ఫోన్లో. "నువ్వు నేరుగా ధర్మవరం రాకూడదు. ఫస్టు హిందూపురం రా. ఆడినించి పెనుకొండ మీద మెల్లగా పోదాం. దోవలో నువ్వు నోరు ఎట్ల వాడతావో నేను చూడల్ల. నేను సరే అంటేనే అక్క నీతో వస్తాది."

కిటికీలోంచి ధర్మవరం

ఈ ఏర్పాటులోని క్రూరత్వం రైలెక్కాక గానీ అర్థం కాలేదు. గుంటూరు నుంచి హిందూపురం పోవాలంటే ధర్మవరం మీదుగానే పోవాలి. తెల్లవారేసరికి రైలు ఆ స్టేషన్లో ఆగింది. మా ఆవిడ ఉన్న ఊరు, ఆవిడ పీల్చే గాలి, బహుశా ఆవిడ కాఫీ వాసన కూడా కిటికీలోంచి వస్తున్నాయి. దిగడానికి లేదు. స్వర్గం గుమ్మం దాకా తీసుకువెళ్ళి, ముందు పక్క ఊరు చూసి రమ్మన్నట్టుంది. ఎదురు సీట్లో ఉన్న కనగానపల్లి పెద్దాయన నా మొహం చూసి, "ఏమప్పా, దిగేది మర్చిపోయినావా?" అని అడిగాడు. దిగడానికి అర్హత లేదని చెప్పాను. ఆయన సంచి దగ్గరికి లాక్కున్నాడు.

హిందూపురం: బెల్లం సాంబారు

స్టేషన్లో సుధాకర్ ఒక గుడ్డసంచితో నిలబడి ఉన్నాడు. దాంట్లో వేయించిన చెనిక్కాయలు, మా వైపు వేరుశనక్కాయలంటాం. సులోచన స్వయంగా వేయించి పంపిందట. ఇన్నాళ్ళకు ఆవిడ చేతి వంట అనుకుని చెయ్యి పెట్టబోతే పట్టుకున్నాడు. షరతు ఉంది. నేను మంచి మాట అన్నప్పుడల్లా ఒక కాయ నేను తినాలి. వంక పెట్టినప్పుడల్లా ఒక కాయ, విన్న పాపానికి, అతను తినాలి. ఎవరి తొక్కలు వాళ్ళ జేబులో వేసుకోవాలి. ధర్మవరంలో మా ఆవిడ రెండు జేబులూ తనిఖీ చేస్తుంది.

"క్లాసులో రాళ్ళతో చేయించినారు బావా. మన సీమలో చెనిక్కాయలుంటే రాళ్ళెందుకని అక్క మార్చింది."

ఎండ అప్పుడే ఇంత మండుతోందేమిటి అన్నాను. సుధాకర్ చిరునవ్వు నవ్వి మొదటి కాయ ఒలిచాడు.

టిఫిను హోటలుకు వెళ్ళాం. హిందూపురంలో సగం మంది తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగిస్తారు. సాంబారు కూడా అంతే, కారంతో మొదలై బెల్లంతో ముగుస్తుంది. గుంటూరులో పుట్టిన నాలుకకు అది విద్రోహం. మా ఊళ్ళో సాంబారులో బెల్లం వేస్తే పోలీసులు వస్తారన్నాను. అతనొకటి ఒలిచాడు. తట్టె ఇడ్లీ కంచమంత ఉంటే ఇది ఇడ్లీయా దిండా అన్నాను. ఇంకొకటి. కాఫీ గ్లాసు మా ఇంట్లో మందులు కొలిచే మూతంత ఉంది, దానికే పదిహేను రూపాయలు. ఇంకొకటి. ఇలా లాభం లేదని, వడ్డించే అతన్ని పిలిచి చేతులు జోడించి, "చాలా చాలా థాంక్సండీ, మీ మేలు మర్చిపోను" అన్నాను. కాయ తీసుకున్నాను.

ఆ మనిషి మొహం పాలిపోయింది. లోపలికి వెళ్ళి ఓనరును తీసుకొచ్చాడు. ఓనరు చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఏం తక్కువైందో చెప్పమన్నాడు. ఏమీ తక్కువ కాలేదు, థాంక్స్ అంటే థాంక్సే అన్నాను. ఆయన నమ్మలేదు. చట్నీ మార్పించాడు, ఇడ్లీ మార్పించాడు, చివరికి ఎవరైనా ఆఫీసరా అని సుధాకర్ చెవిలో అడిగాడు. ఈ దేశంలో తిట్టినవాడిని ఎవరూ అనుమానించరు.

మధ్యాహ్నం సుధాకర్ చింతపండు మండీలో కూర్చున్నాను. ఆడవాళ్ళు కొండల్లాంటి కుప్పల మధ్య కూర్చుని గింజ తీస్తున్నారు. ఆ వాసనకు నా నోట్లో ఎన్ని నీళ్ళూరాయంటే వాటితో రెండెకరాలు తడిసేవి. ఆ మాటే అంటే అక్కడున్న ఒకామె, "మా చిలమత్తూరు దిక్కు రాప్పా, నీళ్ళు లేవు" అంది. అందరూ నవ్వారు. నవ్వించినందుకు కాయ ఇమ్మన్నాను. కుదరదన్నాడు సుధాకర్. పొద్దుగూకే వేళకు అతని కుడి జేబు పావురం దూరినట్టు ఉబ్బింది. నా జేబులో తొక్కలు నాలుగో ఐదో.

లేపాక్షి: ఆ ఒక్క మూల

మర్నాడు దగ్గర్లోని లేపాక్షికి ఆటోలో తీసుకెళ్ళాడు. అక్కడికి వెళితే ఎవరైనా నోరు మూసుకుంటారని అతని ధీమా. నంది దగ్గర నిజంగానే మూసుకున్నాను. అంత పెద్ద ఎద్దు అంత నెమ్మదిగా కూర్చోవడం చూసి ముచ్చటేసి, ఆ మాట పైకే అన్నాను. సుధాకర్ కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. వెంటనే నా నోట్లో కాయ పెట్టాడు.

తర్వాత గుళ్ళో వేలాడే స్తంభం దగ్గరికి వెళ్ళాం. జనం దాని కింద నుంచి కండువాలు లాగుతూ పరవశించిపోతున్నారు. నేను నేలమీద బోర్లా పడుకుని చెంప ఆనించి చూశాను. ఒక మూల నేలకు తగులుతోంది. "పూర్తిగా వేలాడ్డం లేదయ్యా" అని అందరికీ వినపడేలా ప్రకటించాను. ఇన్ని వందల ఏళ్ళుగా ఆలోచించి ఆలోచించి నిలబడిన ఆ స్తంభం కూడా కాస్త చిన్నబుచ్చుకున్నట్టు అనిపించింది.

సుధాకర్ నవ్వుతూనే ఒలిచాడు గానీ, నమిలేటప్పుడు కళ్ళు మూసుకున్నాడు. "బావా, మూడు మూలలు గాల్లో ఉండాయి గదా. వాటిని చూడకూడదా?" అని నీరసంగా అడిగాడు. కడుపులో ఏదో ఉరుముతోంది. నాది కాదు.

పెనుకొండ: కుంభకర్ణుడి కడుపులో

హిందూపురం నుంచి బస్సులో పెనుకొండ. ఊరి బయట కార్ల కంపెనీ వచ్చినప్పటి నుంచి ఆ దారిలో బోర్డులు కొరియా భాషలో కూడా ఉన్నాయి. ఆ అక్షరాలు చూస్తే ఎవరో కుర్చీలు, కిటికీలు, సున్నాలు వరసగా పేర్చి మర్చిపోయినట్టుంటాయి. చదవలేని బోర్డుకు వంక పెట్టలేకపోవడం వల్ల ఆ రెండు మూడు కిలోమీటర్లు నేను ఉత్తమ పురుషుడిగా ప్రయాణించాను.

మధ్యాహ్నం భోజనానికి రోడ్డు పక్కన ఓబులమ్మ అనే ఆవిడ నడిపే చిన్న మెస్సుకు వెళ్ళాం. రాగి సంగటి, పప్పు, ఊరుబిండి, ఎనభై రూపాయలు. సంగటిని మింగాలి, నమలకూడదని ఎవరూ చెప్పలేదు. నేను గుంటూరు పద్ధతిలో నమిలాను. పై పళ్ళూ కింది పళ్ళూ ఏకమై, ఇక విడిపోయేది లేదని తీర్మానం చేసుకున్నాయి. చాలాసేపు మూగవాడిగా ఉన్నాను. సుధాకర్ జీవితంలో అంత ప్రశాంతమైన ఘడియ ఇంకోటి లేదట.

కానీ అతని ఆనందం ఊరుబిండి వచ్చేదాకానే. అది చెనిక్కాయలతో చేసే పచ్చడి. ఆ వాసన తగలగానే అతను పచ్చబడి విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. నాకు మాత్రం నోరు విడిపోయాక మొదట తగిలిన రుచి అదే. అబద్ధం చెప్పను, అమోఘం. దాంతో లేచి నిలబడి ఓబులమ్మకు పెద్ద వందన సమర్పణ చేశాను. రాగులు పండించినవాళ్ళకు, కట్టెలు కొట్టినవాళ్ళకు, ఆవిడ కన్నతల్లికి కూడా ధన్యవాదాలు చెప్పాను.

ఓబులమ్మ గరిటె పట్టుకుని అంతా విని, "ఏమప్పా, దుడ్లు తేలేదా?" అని అడిగింది.

డబ్బులు తెచ్చానని జేబు చూపించాను.

"మరి ఆ దండాలేంది? బాగుంటే ఇంకో ముద్ద అడుగుతారు గాని, మీటింగు పెడతారా ఎవురన్నా?"

మెస్సంతా నవ్వింది. నేను కూర్చుని ఇంకో ముద్ద అడిగాను. ఆవిడ వేస్తూ, అడక్కపోయినా ఊరుబిండి కూడా వేసింది. థాంక్స్ అన్నప్పుడు రాని నవ్వు అప్పుడు వచ్చింది.

సుధాకర్‌కు కాసేపు పడుకునే చోటు కావాలి. దగ్గర్లో కుంభకర్ణుడి తోట ఉందన్నాడు. ఉంది. అక్కడ కుంభకర్ణుడు విగ్రహంగా వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఎంత పెద్దవాడంటే, తల దగ్గర బయలుదేరిన మనిషి కాళ్ళ దగ్గరికి చేరేసరికి గడ్డం మాస్తుంది. చుట్టూ, మీదా చిన్న చిన్న రాక్షసులు. ఒకడు పొడుస్తున్నాడు, ఒకడు కొడుతున్నాడు, ఒకడు అరుస్తున్నాడు. అందరి పనీ ఒకటే, ఈయన్ని లేపడం. కడుపు లోపల గుహలా చల్లటి చోటు ఉంది. సుధాకర్ తన కడుపు పట్టుకుని కుంభకర్ణుడి కడుపులో పడుకున్నాడు. క్షణంలో నిద్రపోయాడు.

నేను పక్కన కూర్చున్నాను. బయట ఉన్నంతసేపూ ఆ పొడిచే రాక్షసుడి మీద నాకు జాలి వేసింది. అది నేనే అనుకున్నాను. బద్ధకపు లోకాన్ని నిద్ర లేపడానికి ఒంటరిగా పోరాడుతున్న బక్కప్రాణి. లోపల కూర్చుంటే లెక్క తిరగబడింది. ఇక్కడ కడుపు నాది. బయట కాఫీ గ్లాసుతో నిలబడింది సులోచన. వంద కిలోల చింతపండు బేరం వదులుకుని ఎండలో నా వెంట తిరిగి, నా మాటలు అరగక పడున్నది సుధాకర్. ఇంతమంది ఇన్నేళ్ళుగా నన్ను లేపుతున్నారు. నేను ఒక కన్ను తెరిచి, డోలు శ్రుతిలో లేదని చెప్పి మళ్ళీ పడుకుంటున్నాను.

ఇంత జ్ఞానం కలిగాక మనిషి మొట్టమొదట చేయాల్సిన పని ఏమిటో నేను అదే చేశాను. నిద్రపోతున్న సుధాకర్ జేబులో చెయ్యి పెట్టి, తొక్కలు అందినన్ని గుప్పిళ్ళతో తీసి నా జేబులో వేసుకున్నాను.

ధర్మవరం: రెండు కుప్పలు

ఆ రాత్రి పెనుకొండలోనే ఉండి, మర్నాడు ధర్మవరం చేరాం. పద్మ వాళ్ళ వీధిలో ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు. మా గుంటూరులో వీధంతా టీవీలు మాట్లాడతాయి, ఇక్కడ మగ్గాలు మాట్లాడతాయి. పద్మ భర్త రామాంజనేయులు, నా తోడల్లుడు, గుంత మగ్గంలో నడుం దాకా దిగి చీర నేస్తున్నాడు. తల ఊపాడు. ఆయన మాట్లాడితే పోగు తెగుతుందేమోనని నాకెప్పుడూ అనుమానం.

పద్మ మంచినీళ్ళిచ్చింది. అలవాటులో థాంక్స్ అన్నాను. ఆమె మొహం మాడిపోయింది.

"థాంక్స్ చెప్పేకి నేనేమన్నా హోటలు పెట్టినానా బావా?"

సులోచన లోపల్నుంచి వచ్చింది. కుశలం అడగలేదు. నేల మీద పాత పేపరు పరిచి జేబులు కుమ్మరించమంది. సుధాకర్ జేబులోంచి మూడు తొక్కలు రాలాయి. అతను తన జేబును తనే నమ్మలేనట్టు చూసుకున్నాడు. నా జేబులోంచి మాత్రం చిన్నసైజు పెనుకొండ బయటపడింది. వినయంగా తల దించుకున్నాను. ఆవిడ కాసేపు ఆ కొండను చూసింది.

"ఇన్ని కాయలూ మీరే తిన్నారు."

"తిన్నాను."

"ఇన్ని మంచి మాటలు అన్నారు."

"ఏదో, దారి పొడవునా వచ్చేశాయి."

అంతలో సుధాకర్ కడుపు పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాడు. పద్మ సోడాకు బయలుదేరింది. సులోచన తమ్ముడు వెళ్ళిన దిక్కు చూసి, నా వైపు తిరిగింది.

"కాయలు మీరు తింటే కడుపునొప్పి వానికెందుకొచ్చె?"

మగ్గం చప్పుడు ఆగిపోయింది. రామాంజనేయులు పని మధ్యలో మగ్గం ఆపడం ఆ వీధి ఎరగదు. నేను సమాధానం కోసం కప్పు వైపు చూశాను. అక్కడ బల్లి కూడా నాకోసమే ఎదురుచూస్తోంది.

"రైలు సాయంత్రం ఉండాది. మీరు పొండి. నేను రాను" అంది సులోచన.

ఈ మాట ఆవిడ అరిచి అని ఉంటే ఏదో ఒకటి అనేవాణ్ణి. నెమ్మదిగా అంది. పేపరు మడిచి తొక్కలు ఎత్తబోయింది. నాకు థాంక్స్ పనికిరాదని తెలుసు, దండం పనికిరాదని తెలుసు. క్షమించమంటే అది కూడా మీటింగే అవుతుంది. సంచిలో ఇంకా సగం చెనిక్కాయలు ఉన్నాయి. దాన్ని తీసి ఆవిడ ముందు పెట్టి కింద కూర్చున్నాను.

"ఇప్పుడు నువ్వు చెప్పు. నాలో నీకు బాగాలేనివన్నీ చెప్పు. రూలు అదే, విన్నవాడు తింటాడు. నేను తింటాను."

"మీకు పడవు. పైత్యం."

"అది నా కడుపు చూసుకుంటుంది."

ఆవిడ నమ్మలేదు. ఎదురు మాట చెప్పకూడదంది. చెప్పనన్నాను. గోడకు ఆనుకుని కూర్చుని మొదలుపెట్టింది.

"పన్ను పీకిచ్చుకుని బయటికొచ్చినాక ఆటో పిలవమంటి. మీరు సీటు చినిగిందని ఆటోవానితో జగడానికి పోతిరి. నోట్లో దూది పెట్టుకోని ఎండలో నిలబడితి. వాడు పోయె. ఇంకో ఆటో రాకపాయె."

సీటు నిజంగానే చిరిగి ఉంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాయ ఒలిచి దాని మీద పెట్టి మింగేశాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. తర్వాత సర్దుకుని కూర్చుని పెళ్ళి దగ్గర్నుంచి వరసగా అందుకుంది. పెళ్ళిలో వాళ్ళ నాయన పెట్టించిన భోజనంలో కారం లేదని నేను మా వాళ్ళందరికీ వినపడేలా అన్నానట. ఒకటి తిన్నాను. ఆవిడ కాపురానికి తెచ్చుకున్న రాగిపిండి పక్కింటివాళ్ళకు ఇచ్చేశానట. ఒకటి. మొదటి పండక్కి కొన్న చీర రంగు చూసి, కొట్టువాడికి కళ్ళు లేవా అన్నానట. ఆ చీర ఎంచుకున్నది ఆవిడట. ఆ ముక్క నాకు ఇన్నేళ్ళకు తెలిసింది. రెండు తిన్నాను.

పద్మ వచ్చి పక్కన చేరి తన వంతు ఒకటి అంది. మగ్గంలోంచి రామాంజనేయులు కూడా గొంతు సవరించుకున్నాడు. తోడల్లుళ్ళకు రూలు వర్తించదని చెప్పాను. పెరట్లోంచి వచ్చిన సుధాకర్ నేను తింటుంటే చూసి, తన క్లాసులో ఎప్పుడూ కనపడనంత సంతోషంగా నవ్వాడు.

తింటూ వింటుంటే ఒక సంగతి తట్టింది. ఇవేవీ నాకు గుర్తు లేవు. ఆవిడకు అన్నీ గుర్తున్నాయి, నేను ఏ చొక్కా వేసుకుని ఏ కూరకు వంక పెట్టానో దాకా. నన్ను ఇన్నేళ్ళు ఇంత శ్రద్ధగా చూసిన ప్రాణి ఈ భూగోళం మీద ఇంకోటి లేదు. మా అమ్మ కూడా మధ్యలో కునుకు తీసేది.

ఇంతలో సుధాకర్ గడియారం చూసి, రైలు టైమైందన్నాడు. అందరం సులోచన వైపు చూశాం.

"ఇంకా మన పెద్దోడు పుట్టనే లేదు" అంది ఆవిడ చిరాగ్గా. "ఇట్ల సగంలో వదిలిపెడితే ఎట్ల?"

లోపలికెళ్ళి బ్యాగు తెచ్చుకుంది. ఆటోలో పెద్దోడు పుట్టాడు. ప్లాట్‌ఫారం మీద వాడి బారసాలలో నేను వంటవాడితో పెట్టుకున్న గొడవ నడిచింది. రైలు వచ్చింది. ఆ గొడవ ఇంకా తేలలేదు కనక ఆవిడ మాట్లాడుతూనే ఎక్కేసింది.

తిరుగు రైలు

అనంతపురం దాటేసరికి మా చిన్నమ్మాయి బడిలో చేరింది. నా కడుపులో మొత్తం సీమ పంట ఉంది. ఊపిరి తీసుకుంటే గానుగలో నూనె ఆడినట్టు చప్పుడు. ఆవిడ గొంతు తడారిపోయి కాస్త ఆగింది. టీ అతను వస్తే రెండు తీసుకున్నాను. ఒక గుక్క తాగాను. లోకంలో నీళ్ళు, పాలు, టీపొడి అనేవి వేరువేరుగా ఉండి, ఈ కప్పులో కలవడానికి ఒప్పుకోలేదు. నోరు తెరిచాను. సులోచన నా వైపే చూస్తోంది.

"వేడిగా ఉంది" అన్నాను. నిజంగానే వేడిగా ఉంది.

ఆవిడ సంచిలో అడుగున మిగిలిన కాయల్లోంచి ఒకటి తీసుకుంది. నా పాపం మళ్ళీ మొదలైందని చెయ్యి చాచాను. ఆవిడ దాన్ని ఒలిచి, కిటికీలోంచి బయటికి చూస్తూ, తన నోట్లో వేసుకుంది.

మంచి మాట అన్నవాళ్ళు తినాలని రూలు. ఆవిడ మనసులో అన్న ఆ మాటేమిటో నాకు వినపడలేదు. అడిగితే మార్చేస్తుందేమోనని, చల్లారకముందే నా టీ మొత్తం తాగేసి, ఇంకోటి ఇమ్మని అతన్ని పిలిచాను.